ఆర్ట్ గ్యాలరీకి మనవంతు

ప్రశ్న: ప్రజల కోసం నడిచే ఆర్ట్ గ్యాలరీలో సభ్యత్వం తీసుకుంటే ఆ డబ్బు దేనికి వినియోగిస్తారు? పెద్ద విరాళం ఇవ్వలేనివారి అవసరం అక్కడ నిజంగా ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో అధికభాగం జీతాలకు, భవన నిర్వహణకు ఖర్చయిపోతుంది కనుక, చిత్రాల కొనుగోలుకు, పాతవాటి మరమ్మతుకు చాలా గ్యాలరీలు చందాల మీదే ఆధారపడతాయి. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కన్నా ఏటా తప్పకుండా అందే చిన్న చందాయే నిర్వాహకులకు ఎక్కువ ధీమా ఇస్తుందని నా అభిప్రాయం. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన చిత్రం ‘రోక్‌బీ వీనస్’ను, 1903లో ఏర్పడిన ఒక కళానిధి సంస్థ విరాళాలు పోగుచేసి, 45,000 పౌండ్లకు కొని 1906లో ఆ గ్యాలరీకి అప్పగించింది.

ఇక సమయం మాత్రమే ఇవ్వగలిగినవారి సంగతి. నీటిరంగుల చిత్రాలు వెలిసిపోకుండా వాటిపై సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించిన వెలుతురు పడనివ్వరు. ఆ మసక గదిలోకి వచ్చి ‘లైట్లు వేయరేం?’ అని విసుక్కునే సందర్శకుడికి అసలు కారణం ఓపికగా వివరించేది చాలాసార్లు శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తే. జీతం లేని పని గదా అని దీన్ని తేలిగ్గా తీసుకుంటే మాత్రం కుదరదు. ఒప్పుకున్న రోజున రాకపోతే ఆ గది మూతపడవచ్చు.

చిత్రాలనే దానం చేసేవారు ‘ఇది ఎల్లప్పుడూ గోడమీదే ఉండాలి’ అని షరతు పెట్టకపోవడం మంచిది. కాగితంపై వేసిన చిత్రాలకు మధ్యమధ్య చీకటిలో విశ్రాంతి అవసరం.