అడగండి చెబుతాను: బుష్ అంటే ఏమిటి, మా వాణ్ణి పంపొచ్చా?

ప్రశ్న: అమ్మగారూ, మా అబ్బాయి నర్సింగ్ చదివి నాలుగేళ్లుగా సిడ్నీలో పనిచేస్తున్నాడు. ఇప్పుడది వదిలేసి క్వీన్స్‌లాండ్‌లో ఎక్కడో లోపల చిన్న ఊరి ఆసుపత్రిలో చేరతానంటున్నాడు. అసలైన ఆస్ట్రేలియా బుష్‌లోనే ఉందని అక్కడ అందరూ అంటారట. అనేవాళ్లంతా మాత్రం సిడ్నీలోనే ఉంటారట! అంత గొప్పదైతే వాళ్లెందుకు వెళ్లరు? వీణ్ణి పంపనా, ఆపనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, రాజాం

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను మందస, మెళియాపుట్టి కొండల్లో ఏఎన్ఎంగా ముప్ఫై ఏళ్లు తిరిగినదాన్ని. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గర క్వీన్స్‌లాండ్‌లోని లాంగ్‌రీచ్‌లో మూడు నెలలు ఉండి వచ్చాను. అదీ నర్సే. కాబట్టి మీ ప్రశ్న నాకు ఇంటి ప్రశ్నలాంటిదే.

బుష్ అంటే పొద అని డిక్షనరీ చెబుతుంది. అక్కడివాళ్లకి పట్నం దాటాక వచ్చేదంతా బుష్షే. నీలగిరి చెట్ల అడవి, గొర్రెలు మేసే బీడు, ఎర్రమట్టి మైదానం, అన్నీ. ఇంకా లోపలికి పోతే ఔట్‌బ్యాక్ అంటారు. లాంగ్‌రీచ్ నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న బ్రిస్బేన్‌కి సుమారు 1,200 కిలోమీటర్లు. పశువుల్ని పెంచే భూమిని స్టేషన్ అంటారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ స్టేషన్ ఒక్కటీ, 2022లో విడగొట్టక ముందున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపినదానికంటే పెద్దది. అంత భూమ్మీద ఉండేది గుప్పెడు మనుషులు.

మరి జనమంతా ఎక్కడున్నారంటే ఒడ్డునే. నూట ముప్ఫై ఏళ్ల క్రితం కూడా అంతే. బుష్ మనిషే అసలు ఆస్ట్రేలియావాడు అన్న మాటని ఊరూరా మోసింది కూడా 1880లో సిడ్నీలోనే మొదలైన ‘బులెటిన్’ పత్రిక. పశువుల్ని తోలేవాళ్ల మీద, గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్ల మీద కథలు, పాటలు వేసేది. పట్నంలో కూర్చుని చదివినవాళ్లు అది తమ కథే అనుకున్నారు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? గాజువాకలో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్న మనవాళ్లని మీదేవూరని అడిగితే గాజువాక అంటారా? సంక్రాంతికి బస్సులో నిలబడి వచ్చే ఆ ఊరి పేరే చెబుతారు. అక్కడ ఉండలేకపోవడానికి కారణాలు వేరు: వానలు పడవు, పనులు తక్కువ.

కానీ కథలొక్కటే మనిషిని తయారుచెయ్యవు. అక్కడ దూరమే మనుషుల్ని తయారుచేసింది. లాంగ్‌రీచ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బార్కాల్డిన్ అనే ఊరుంది. 1891లో ఉన్ని కత్తిరించే కూలీలు సమ్మె చేసినప్పుడు అక్కడొక చెట్టు కింద కూడేవారు. ఈ రోజు ఆ దేశాన్ని ఏలుతున్న లేబర్ పార్టీ పుట్టుక అక్కడేనని చెబుతారు. వాళ్లు మాటకి ముందొకటి, వెనకొకటి ‘మేట్’ (నేస్తం) అంటారే, ఆ పిలుపులోని బలం ఇలాంటి చోట గట్టిపడిందే. పక్కవాడు చెయ్యివ్వకపోతే బతకలేని చోట పక్కవాడే చుట్టం.

నేను నర్సుని కాబట్టి నా మనసు పట్టుకున్నది ఇంకొకటి. 1917లో హాల్స్ క్రీక్ అనే మారుమూల చోట ఒక పశువుల కాపరి గుర్రం మీద నుంచి పడి లోపల దెబ్బ తగిలించుకున్నాడు. డాక్టరు పెర్త్‌లో ఉన్నాడు, వేల కిలోమీటర్ల దూరం. ఆయన టెలిగ్రాఫ్‌లో చెబుతుంటే పోస్టుమాస్టరు చిన్న చాకుతో ఆపరేషన్ చేశాడు. డాక్టరు ఓడలో, కారులో, గుర్రపు బండిలో రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చేసరికి అతను చనిపోయాడు. జాన్ ఫ్లిన్ అనే పాస్టరుగారు ఈ బాధని వదల్లేదు. 1928 మేలో క్వీన్స్‌లాండ్‌లోని క్లోన్‌కరీ నుంచి డాక్టరుతో మొదటి విమానం లేచింది. అదే ఈనాటి ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు. మరుసటి ఏడే, కరెంటు లేని ఇళ్లకి కాళ్లతో తొక్కితే పనిచేసే రేడియో వచ్చింది. వాళ్ల ఇరవై డాలర్ల నోటు మీద ఫ్లిన్‌గారి బొమ్మ ఉంటుంది.

మా అమ్మాయి ఒక స్టేషన్‌కి తీసుకెళ్లింది. వంటింట్లో ఫ్లయింగ్ డాక్టర్ వాళ్లిచ్చిన మందుల పెట్టె చూశాను. తెరిచి చూపించమని అడిగాను. లోపల ప్రతి సీసాకీ, ప్రతి డబ్బాకీ ఒక నంబరు. మందు పేరు నోరు తిరగకపోయినా ఫర్వాలేదు. డాక్టరు ఫోనులో ఫలానా నంబరు తియ్యండి, ఇన్ని వెయ్యండి అంటాడు, ఇంటామె తీసి వేస్తుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కొండ మీద సవర తల్లులకి చదువు రాక, నేను మందు పొట్లాల మీద సూర్యుణ్ణి, చందమామని గీసి ఇచ్చేదాన్ని. పొద్దుటిది ఇది, రాత్రిది ఇది అని. ఒక ఆషాఢంలో నెలలు నిండిన పిల్లని డోలీలో దింపుతుంటే వాగు పొంగి గట్టునే ఆగిపోయాం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. కొండకీ ఆసుపత్రికీ మధ్య పదిహేను కిలోమీటర్లే. వాళ్లు వందల కిలోమీటర్లకి విమానం పెట్టుకున్నారు, నోటు మీద అచ్చు వేసుకున్నారు. మన డోలీ మోసినవాళ్ల బొమ్మ ఎక్కడా లేదు.

అయితే ఆ బుష్ కథలో మాయం చేసిన మనుషులూ ఉన్నారు. ఆ నేల మీద వేలాది ఏళ్లుగా ఉన్న మొదటి జనానికి, అంటే అబోరిజినల్ ఆదివాసులకి, దాన్లో చోటే ఇవ్వలేదు. పశువుల స్టేషన్లు నడిచింది చాలావరకు వాళ్ల చెమటతోనే. కూలి కింద చాలా చోట్ల పిండి, టీ ఆకు, పంచదార ఇచ్చేవారు. 1966లో వేవ్ హిల్ స్టేషన్‌లో ఆ ఆదివాసుల్లోనే గురిండ్జీ అనే జనం తమ నాయకుడు విన్సెంట్ లింగియారి వెనక పని మానేసి బయటికి నడిచారు. కూలి కోసం మొదలై, మా భూమి మాకివ్వమనే దాకా వచ్చింది. 1975లో ప్రధాని గాఫ్ విట్లమ్ వచ్చి లింగియారి చేతిలో పిడికెడు మట్టి పోశాడు. పోడు పట్టా కాగితం చేతికొచ్చిన రోజు మా గూడెం ముసలాయన దాన్ని కళ్లకద్దుకోవడం నేను చూశాను. అందుకే ఆ మట్టి సంగతి నాకు వేరేగా ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ కథలో మాయమైన ఇంకొందరున్నారు: బుష్‌లో ఒంటెలతో సరుకులు మోసినవాళ్లు. వాళ్లలో అప్పటి మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అందర్నీ ‘అఫ్గాన్లు’ అనేశారు.

కాబట్టి, చెల్లెమ్మా, పంపండి. ఒంటరితనం ఉంటుంది, దాచను. మా అమ్మాయి మొదటి నెలంతా ఫోనులో ఏడ్చింది. తర్వాత పక్కింటి ముసలమ్మ రోజూ గుడ్లు తెచ్చిపెట్టడం మొదలుపెట్టింది. బాబుకి మూడు మాటలు నా తరఫున చెప్పండి. సందె వేళ కారు నడపొద్దు, కంగారూలు అడ్డం పడతాయి. కారులో తాగునీళ్లు ఎప్పుడూ దండిగా ఉంచుకోవాలి. దారిలో బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకూడదు, అక్కడే ఉంటే వెతికేవాళ్లకి బండి కనబడుతుంది. ఇంకొకటి, ఖాళీ రోడ్డు మీద ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు పైకెత్తుతాడు. అది నమస్కారం. తనూ ఎత్తమనండి.