వంటనూనెపై దిగుమతి సుంకం పెంచితే ఎవరికి లాభం?

ముందొక మాట: సుంకం కట్టేది మనకు పామాయిల్ అమ్మే ఇండోనేషియా కాదు, సరుకు తెప్పించుకునే మన వ్యాపారి. ఆ భారం చివరికి కిరాణా కొట్లో ప్యాకెట్ మీద పడుతుంది.

2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెలపై మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. అంటే వంద రూపాయల నూనె రేవు దాటేసరికి 127.50. బయటి నూనె ప్రియమైతే అశ్వారావుపేట రైతు పామాయిల్ గెలలకు మంచి రేటు వస్తుంది. రక్షణ అంటే అదే.

కానీ మనం వాడే నూనెలో సగానికి పైగా దిగుమతే. అందుకే ఇంట్లో పోపు వేసేవాళ్లకు సెగ తగిలింది. 2025 మే చివర్లో ముడి నూనెపై సుంకం తగ్గించారు. రిఫైన్డ్‌ నూనెపై సుంకాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాంతో శుద్ధి చేసిన నూనె తెప్పించుకోవడం కంటే ముడి నూనె తెచ్చుకోవడమే నయం. ఇక్కడే శుద్ధి చేసే మిల్లులకు, నా లెక్కలో, అసలు లాభం అదే.