చిన్న సప్లయర్లు దొరకడం లేదా, రాలేకపోతున్నారా?

"మహిళలు, వెనకబడిన వర్గాలవాళ్లు నడిపే చిన్న సంస్థల నుంచి కొనుగోళ్లు పెంచమని మేనేజ్‌మెంట్ చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలి? క్వాలిటీ పడిపోతుందేమోనని మా బాస్ టెన్షన్" అని అడిగారు. నేను పన్నెండేళ్లుగా పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. ఈ పని మొదట తప్పుగా చేసి, తర్వాత కొంత దిద్దుకున్నాను కాబట్టి ఆ తప్పు దగ్గర నుంచే చెప్తాను.

మాకూ పైనుంచి ఇలాంటి టార్గెట్టే వచ్చింది. నేను హుషారుగా వెండర్ మీట్ పెట్టించాను. అరవై మంది దాకా వచ్చారు. ఫొటోలు దిగాం, కార్డులు తీసుకున్నాం. ఏడాది తిరిగేసరికి వాళ్లలో మా వెండర్ లిస్టులోకి ఎక్కింది ముగ్గురు. "తగినవాళ్లు దొరకలేదు" అని రిపోర్టు కూడా రాసిచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అట్టపెట్టెల యూనిట్ నడిపే ఒకావిడ ఆ మీట్‌కి వచ్చి, ఫారం పట్టుకెళ్లి, మళ్లీ కనిపించలేదు. ఫోన్ చేసి ఎందుకు అప్లై చేయలేదని అడిగాను. "మీరు తొంభై రోజులకి డబ్బులిస్తారు. నాకు పేపర్ ఇచ్చే డీలర్ వారం కూడా ఆగడు. మీ ఆర్డర్ తీసుకుంటే మీ కంపెనీకి నేనే మూడు నెలలు అప్పిచ్చినట్టు. అంత స్తోమత నాకు లేదండీ" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆ రోజు సాయంత్రం మా రిజిస్ట్రేషన్ ఫారం నేనే ఒక చిన్న సప్లయర్‌ని అనుకుని నింపడం మొదలుపెట్టాను. పద్నాలుగు పేజీలు. మూడేళ్ల ఆడిట్ లెక్కలు కావాలి, ఆర్డర్ విలువకి ఐదు రెట్ల టర్నోవర్ ఉండాలి, మా అంత కంపెనీకి ఇదివరకే సరుకు ఇచ్చినట్టు రుజువు చూపాలి. ఎవరో ఒకరు మొదటి ఆర్డర్ ఇస్తేనే కదా ఆ రుజువు పుట్టేది! పనిగట్టుకుని పిలిచి వాకిట్లోనే నిలబెట్టేశాం వాళ్లని.

అందుకే, కొత్తవాళ్లని వెతికే ముందు మీ షరతులు చదవండి. మేం మొదట మార్చింది పేమెంట్ గడువు. చిన్న యూనిట్లకి బిల్లు వచ్చిన పదిహేను రోజుల్లో డబ్బు వేసేలా ఒప్పించడానికి ఫైనాన్స్ వాళ్లతో ఆరు నెలలు పట్టింది. అదేమీ దానధర్మం కాదని వాళ్లకి చెప్పడానికి చట్టాలు పనికొచ్చాయి. భారత్‌లో 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లోపు చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి. యూరప్‌లో 2011 నాటి ఆదేశం ప్రభుత్వ కార్యాలయాలకి మామూలుగా 30 రోజుల గడువు పెట్టింది. అన్ని దేశాలవాళ్ల బాధా ఒకటే అన్నమాట.

తర్వాత పెద్ద కాంట్రాక్టుని విడగొట్టాం. ఏడాది ప్యాకింగ్ అంతా ఒక్కరికే ఇస్తే రేటు తగ్గుతుంది, నిజమే. మూడు ముక్కలు చేశాక మాకు రేటు కాస్త పెరిగింది కూడా. మీ బాస్‌కి ఈ సంగతి దాచకుండా ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే మొత్తం ప్రయత్నమే అటకెక్కుతుంది. చిన్న ఆర్డర్లకి టర్నోవర్ షరతు ఎత్తేసి, దాని బదులు ట్రయల్ ఆర్డర్ పెట్టాం.

క్వాలిటీ భయానికి నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ అనే కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే పి-వాల్వ్ అనే భాగం దాదాపు అంతా అక్కడే తయారయ్యేది. దాంతో జపాన్‌లోని టయోటా ప్లాంట్లు ఆగిపోయాయి. అప్పుడు ఎన్నో సంస్థలు ముందుకొచ్చి ఆ వాల్వ్ తయారుచేశాయి. వాటిలో అంతకుముందు దాని ముఖమే చూడనివి బోలెడు. కుట్టు మిషన్లకి పేరున్న బ్రదర్ కూడా అందులో ఉంది. వారం పది రోజుల్లో ఉత్పత్తి గాడిలో పడింది. డ్రాయింగులు చేతికిచ్చి, పక్కన నిలబడి చూపిస్తే కొత్తవాళ్లు నేర్చుకుంటారు. అంతా ఒక్కచోటే కొనడం వల్ల ఏమవుతుందో కూడా ఆ మంట చూపించింది.

నేను చేసిన ఇంకో తప్పు చెప్పాలి. లేబుళ్లు ప్రింట్ చేసే ఒక చిన్న యూనిట్ ట్రయల్ బాగా చేసింది. ఏడాది చివర టార్గెట్ అందుకోవాలన్న తొందరలో ఒక్కసారిగా నాలుగు రెట్ల ఆర్డర్ ఇచ్చేశాను. సరుకు లేటయింది. మా బాస్ "నే చెప్పలే?" అన్నారు. అదే నెలలో మా పాత పెద్ద సప్లయర్ తొమ్మిది రోజులు లేటు, కానీ దాని గురించి మీటింగ్‌లో ఒక్కరూ నోరెత్తలేదు. అప్పటి నుంచి పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ ఒకే స్కోర్ షీట్ పెట్టాను. ఆర్డర్ మెట్టుమెట్టుగా పెంచుతాం. ఎవరి వ్యాపారంలోనైనా మా వాటా మూడో వంతు దాటుతుంటే ఆగుతాం, రేపు మేం ఆర్డర్ తగ్గిస్తే వాళ్లు మునిగిపోకూడదు.

పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది అయిన సంస్థలు కూడా వస్తాయి. అమెరికాలో ఒక సంస్థ నిజంగా మహిళలదో, వెనకబడిన వర్గాలదో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు 51 శాతం యాజమాన్యంతో పాటు రోజువారీ నడిపేది ఎవరో కూడా చూస్తారు. మేమైతే యూనిట్‌కి వెళ్లి, రేటు ఎలా కట్టారో యజమానినే అడుగుతాం. పనివాళ్లు ఎవరి మాట కోసం చూస్తున్నారో అక్కడే తెలిసిపోతుంది.

శాతాల టార్గెట్ పెట్టుకోవచ్చు, తప్పులేదు. భారత ప్రభుత్వ 2012 నాటి కొనుగోలు విధానం ఇప్పుడు సూక్ష్మ, చిన్న సంస్థలకి 25 శాతం అంటుంది. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకి 4, మహిళల సంస్థలకి 3. నాకైతే ఆ శాతాలకన్నా, టెండర్ కాగితాలు ఉచితంగా ఇవ్వాలి, ధరావతు అడగకూడదు అన్న షరతులే ఎక్కువ నచ్చాయి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు కదా. రేపు మీ అకౌంట్స్ వాళ్ల దగ్గర కిందటేడాది చిన్న సప్లయర్ల బిల్లులు తీయించి, ఒక్కోదానికి డబ్బు ఎన్ని రోజులకి వెళ్లిందో పక్కన రాయించండి. ఆ కాగితం తీసుకుని మీ బాస్ దగ్గరికి వెళ్లండి. అట్టపెట్టెలావిడ బిల్లు ఇప్పుడు మా దగ్గర పన్నెండో రోజుకల్లా క్లియర్ అవుతోంది, ఆర్డర్ పెంచమని ఇప్పుడు ఆవిడే ఫోన్ చేస్తున్నారు.