కార్బన్ ఫైబర్ బానెట్ మీద సూది రంధ్రాలు: తప్పు రెసిన్‌ది కాదు

కార్బన్ గుడ్డ మీద ప్లాస్టిక్ బ్యాగ్ కప్పి, పంప్‌తో గాలి లాగేసి, రెసిన్ (గట్టిపడే జిగురు ద్రవం) లోపలికి పారించే ఇన్ఫ్యూజన్ పద్ధతిలో ఇంట్లో చేసిన కారు బానెట్ మీద సూదిమొనంత రంధ్రాలు పడుతున్నాయి, రెండుసార్లు రెసిన్ మార్చినా పోలేదు అన్నారు కదా. ఇక రెసిన్ మార్చి డబ్బు పోగొట్టుకోకండి. నాకైతే బ్యాగ్ ఎక్కడో గాలి పీలుస్తోందనే అనిపిస్తోంది.

ఈసారి రెసిన్ వదలకముందే, పొడి గుడ్డ మీద బ్యాగ్ బిగించి పంప్ నడపండి. తర్వాత గొట్టానికి క్లాంప్ వేసి పంప్ ఆపేసి, గేజ్ ముల్లు ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. అరగంటలో ముల్లు గీత నుంచి కదిలితే లీక్ ఉన్నట్టే. చెవి దగ్గర పెట్టి, బ్యాగ్ అంచుల్ని అంటించిన టేప్ వెంటే వెళ్లండి, సన్నగా ఈల వినిపిస్తుంది. నాకు ఎక్కువసార్లు బ్యాగ్ మడతల మొదట్లోనే దొరికింది. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కితే శబ్దం ఆగిపోతుంది. ముల్లు నిలబడేదాకా రెసిన్ కలపనే వద్దు.

రెసిన్‌ని గట్టిపరిచే హార్డెనర్‌ని కంటి అంచనాతో కాదు, డబ్బా మీద రాసిన నిష్పత్తిలో తూకం వేసి కలపండి. ఎపాక్సీ రకం రెసిన్‌లో ఇది ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడటం అటుంచి, అసలు సరిగ్గా గట్టిపడకుండా పోతుంది.

ఇప్పుడున్న బానెట్‌ని పారేయకండి, మీ కష్టం వృథా కాలేదు. 120 నంబర్ గరుకు కాగితంతో తడిగా రుద్ది, బాగా ఆరనిచ్చి, రంధ్రాల్లోకి ఎపాక్సీని స్క్వీజీతో (రబ్బరు పలకతో) అదమండి. పైన యూవీని తట్టుకునే క్లియర్ కోట్ తప్పనిసరి, లేకపోతే ఎండకి పసుపెక్కుతుంది. రుద్దేటప్పుడు మాస్క్ మాత్రం తీయకండి.