టోంగాలో సర్వేకి వెళ్తే ముందు మేనత్త ఎవరో కనుక్కోండి

ప్రశ్న: పసిఫిక్ సముద్రంలోని టోంగా లాంటి చిన్న దేశంలో, అక్కడి సంస్కృతి పునాదిగా యూనివర్సిటీలో పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టాలంటే ఎలా?

ముందు సర్వే ఫారాలు చించేయాలి. జోక్ కాదు. 2023లో ఒక ప్రాజెక్టుకి సర్వే లెక్కలు చూసే పని మీద టోంగా రాజధాని నుకుఅలోఫాలో ఏడు నెలలున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం పేలి, ఇళ్ల కప్పులన్నీ బూడిదతో నిండిపోయాయి. టోంగాటాపు దీవిలో నదులు లేవు. చాలా ఇళ్లలో తాగేది కప్పు మీద నుంచి ట్యాంకులోకి పట్టిన వాననీళ్లే. ఆ రోజుల్లో నీళ్లకి ఏం చేశారో తెలుసుకోవడం మా పని. 42 ప్రశ్నల ఫారం నేనే తయారుచేశాను. మొదటి గడి: కుటుంబ యజమాని పేరు.

మొదటి ఇంట్లో యాభై ఏళ్లాయన ఆ గడి దగ్గర ఆగిపోయి వెనక్కి చూశాడు. మూలన చాప మీద ఒక ముసలావిడ విసనకర్రతో విసురుకుంటోంది. ఏమీ అనలేదు. ఆయన తన పేరే రాశాడు. ఇక అక్కణ్నుంచి అన్నిటికీ 'ఇయో', అంటే అవును. ట్యాంకులో బూడిద పడిందా? ఇయో. కడిగారా? ఇయో. కడక్కుండానే తాగారా? ఇయో. 40 నిమిషాల్లో ఫారం నిండింది. నేను తెగ సంబరపడ్డాను.

బయటికొచ్చాక నాతో వచ్చిన టోంగా లెక్చరర్ నవ్వు ఆపుకోలేకపోయింది. "నువ్వు అడగాల్సిన మనిషి చాప మీద కూర్చుంది. ఆవిడ ఆయన మేనత్త" అంది.

అక్కడ మేనత్తని మెహికితంగా అంటారు. పెళ్లయినా చావయినా ఆవిడకే పెద్దపీట. ఆవిడ ఎదురుగా యజమానినని రాసుకోవడం ఆయనకెంత ఇబ్బందో! పైగా ఇంటికొచ్చిన అతిథి మాట కాదనకూడదాయె. నాకైనా తట్టి ఉండాల్సింది. మా మేనత్త అలిగిందని పెళ్లికొడుకు కూడా అన్నం ముట్టకుండా కూర్చున్న ఇంట్లో పుట్టినవాణ్ని.

వారం తర్వాత ఫారాలు లేకుండా వెళ్లాను. నడుముకి చుట్టుకునే చాప, తఓవాలా, లెక్చరర్ వాళ్ల తమ్ముడిది అడిగి కట్టుకున్నాను. ఆడవాళ్లు పొడవాటి బల్లకి అటూ ఇటూ కూర్చుని ఙాతు, అదే చెట్టు బెరడు బట్ట, ముక్కలు అతికిస్తున్నారు. ముసలావిడ ఒక అంచు పట్టుకోమంది. పట్టుకున్నాను. రెండు గంటలపాటు చర్చి చందాలు, ఆక్లాండ్‌లో ఉన్న కొడుకు, తప్పిపోయిన పంది. ఆ తర్వాత నేనడక్కుండానే నీళ్ల సంగతి ఎత్తింది. బూడిద రాలడం మొదలవగానే ట్యాంకుకి వచ్చే గొట్టం ఊడదీయించిందట. ఆ ట్యాంకు ముగ్గురు మేనల్లుళ్ల ఇళ్లకీ కలిపి ఒక్కటే. నా లెక్కలో అది మూడు ట్యాంకులు!

ఈ ముచ్చట్లనే తలనోవా అంటారు. 2006లో టోంగా పరిశోధకుడు తిమోతే వైయోలేతి దాన్ని పరిశోధన పద్ధతిగా రాశాడు. అంతకుముందే టోంగా కవయిత్రి, విద్యావేత్త కోనై హేలు థామన్ 'కకలా' అనే పూలదండ పోలికతో చెప్పింది: తోలి, పూలు కోయడం. తుయి, దండ గుచ్చడం. లువా, ఆ దండని ఇంకొకరికి ఇచ్చేయడం. నన్నడిగితే అసలు సంగతంతా లువాలోనే ఉంది. యూనివర్సిటీలు దండ బాగానే గుచ్చుతాయి, గుచ్చి తమ మెడలోనే వేసుకుంటాయి. మన దగ్గర మాత్రం? 1 నుంచి 5 వరకు టిక్కులు పెట్టించుకుని పీహెచ్‌డీ కొట్టినవాళ్లలో, మళ్లీ ఆ ఊరి మొహం చూసినవాడు ఒక్కడూ నాకు తెలీదు.

సంస్కృతి అంటే ప్రారంభోత్సవంలో ఒక డ్యాన్సు అనుకునేవాళ్లు ఇంకో రకం. టోంగా తత్వవేత్త ఫుటా హేలు మాత్రం తన విద్యాసంస్థకి ఏథెన్స్ నగరం పేరే, అతెనీసీ అని, పెట్టి టోంగా పిల్లలకి గ్రీకు తత్వం చెప్పాడు. సంప్రదాయం కాబట్టి ప్రశ్నించొద్దంటే ఆయన ఊరుకునే మనిషి కాదు.

సోమవారం పొద్దున్నకల్లా రిపోర్టు కావాలని శుక్రవారం సాయంత్రం మెయిల్ పెట్టేవాళ్ల గురించి వేరే రాయాలి. ఆదివారం పని చేయకూడదని ఆ దేశపు రాజ్యాంగంలోనే ఉంది, మహానుభావులారా!

2023లోనే ప్రభుత్వ కాలేజీలని కలిపి టోంగా నేషనల్ యూనివర్సిటీ పెట్టారు. అక్కడ ఎవరైనా నన్నడిగితే, సాఫ్ట్‌వేర్ కొనేముందు ఊళ్లకి తిరిగి వెళ్లడానికి డబ్బు పక్కన పెట్టుకోమంటాను. మేం వెళ్లాం. లెక్చరర్ రిపోర్టంతా టోంగా భాషలో చదివి వినిపించింది. ముసలావిడ మధ్యలో ఆపి, గొట్టం ఊడదీసింది పెద్దవాడు కాదు, చిన్నవాడు అంది. పెద్దవాడు తల వంచుకున్నాడు. ఆ పేజీ మార్చి మళ్లీ ప్రింట్ చేయించాం. ఆ ఖర్చు దేనికని నిధులిచ్చినవాళ్లు రెండుసార్లు మెయిల్ పెట్టారు.