44 ఏళ్లకు ఆటిజం పరీక్షా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అక్క కొడుక్కి ఆటిజం అని కిందటేడు తేలింది. డాక్టరుగారు అక్కను అడిగిన ప్రశ్నలన్నీ పక్కన కూర్చుని విన్నాను. సగం నా గురించే అడుగుతున్నట్టు అనిపించి చేతులు వణికాయి. పెళ్లిళ్లకు వెళితే స్టోర్‌రూంలో బియ్యం బస్తాల పక్కన కూర్చుంటాను. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఏం మాట్లాడాలో ముందురోజే కాగితం మీద రాసుకుంటాను. బడి నుంచి వచ్చాక గంటసేపు చీకటి గదిలో పడుకుంటే గానీ వంటింట్లోకి వెళ్లలేను. అత్తగారు దాన్ని పొగరంటారు. "ఇన్నేళ్లు సంసారం చేశావు, ఇప్పుడు ఆ ముద్ర ఎందుకు?" అంటారు మా వారు. ఈ వయసులో పరీక్ష చేస్తారా? చేయించుకుంటే ఒరిగేదేమిటి? మాఘంలో ఆడపడుచు కూతురి పెళ్లి. ఇప్పటినుంచే నిద్ర పట్టడం లేదు. అమ్మ జనగామలో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆమెకూ ఈ సంగతి చెప్పలేదు.
– ఓ టీచర్, మల్కాజిగిరి

జవాబు: చేస్తారమ్మా. వయసు అడ్డు కాదు. కానీ ముందు ఒకసారి జనగామ వెళ్లి రండి.

ఆటిజం పెద్దయ్యాక వచ్చేది కాదు, చిన్ననాటి నుంచే ఉంటుంది. అందుకే మీరు ఇవాళ ఎలా ఉన్నారో చూసి మేం తేల్చలేం. నాలుగైదేళ్లప్పుడు ఎలా ఉండేవారో తెలియాలి. నా దగ్గరికి యాభై దాటిన ఒకాయన వచ్చారు. మూడు సిట్టింగులైనా నాకు స్పష్టత రాలేదు. నాలుగోసారి వాళ్లమ్మను ఆటోలో తీసుకొచ్చారు. ఆవిడ కుర్చీ వద్దని నేలమీద కూర్చుంది. "వీడు చింతగింజలు పెద్దయి, సిన్నయి సూసి మంచం కింద వరుస పెట్టేటోడమ్మా. ఒక్కటి కదిలిస్తే పొద్దుగూకేదాక ఏడుపే" అంటూ వేలితో నేలమీద ఆ వరుస గీసి చూపించింది. ఆయనకు ఆ గింజల సంగతే గుర్తు లేదు. ఆ ఒక్క మాటతో తేలిపోలేదు గానీ, ఆ గంటలో ఆవిడ చెప్పినవన్నీ కలిపితే తేలింది.

మీ అమ్మగారిని "నాకు ఆటిజమా?" అని అడగొద్దు. "నీకేం తక్కువ బిడ్డా" అని కంగారుపడుతుంది, మాట అక్కడే ఆగిపోతుంది. మాటలెప్పుడొచ్చాయి, ఎవరితో ఆడుకునేదాన్ని, ఏ చప్పుడుకు చెవులు మూసుకునేదాన్ని, ఏ బట్ట కట్టనిచ్చేదాన్ని కాదు, ఇవి అడగండి. ఆవిడ మాటల్లోనే రాసుకోండి. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే తెచ్చుకోండి.

అప్పట్లో ఎవరూ ఎందుకు కనిపెట్టలేదంటారా? మీరు పుట్టిన 1981లోనే ఇంగ్లండ్‌లో లోర్నా వింగ్ అనే డాక్టరు, మాటలూ తెలివీ ఉండి మనుషులతో మెలగడం కష్టమయ్యే వాళ్ల గురించి రాశారు. అమెరికా సైకియాట్రిస్టులు జబ్బుల నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్‌ఎంలో వాళ్లకు చోటు దొరికింది 1994లో. అప్పటికి మీరు ఎనిమిదో తరగతి అయ్యుంటారు. మార్కులు తెచ్చుకుంటూ నోరెత్తని ఆడపిల్లను మన ఇళ్లలో బుద్ధిమంతురాలన్నారు, అంతే.

ఫోన్లో దొరికే, ఏక్యూ అనే 50 ప్రశ్నల ఆటిజం ప్రశ్నావళి నింపినా, ఆ మార్కు నిర్ధారణ కాదు. ఆందోళన, ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని ఇబ్బంది) ఉన్నా అది పెరగొచ్చు. సైకియాట్రిస్టో, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో చూడాలి. చాలా సెంటర్లు పిల్లలనే చూస్తాయి కాబట్టి, పెద్దవాళ్లకు చేస్తారా అని ముందే ఫోన్ చేయండి. ప్రభుత్వం వైపు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి, మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ (పాత ఎన్‌ఐఎంహెచ్) ఉన్నాయి. అక్కడా ఇదే అడగండి. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో అడగమనండి, మొహమాటం వద్దు.

ఆటిజానికి మందు లేదు. మీ నిద్రలేమికీ ఆందోళనకూ వైద్యం ఉంది. 2016 దివ్యాంగుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, కానీ వైకల్య సర్టిఫికెట్ వేరే వ్యవహారం. మీరు అడిగితేనే ఇస్తారు. బడిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇది మీ వారికి చెప్పండి. ముద్ర అంటారా, పొగరు అనే ముద్ర మీ మీద ఇన్నేళ్లుగా ఉంది కదమ్మా. నాకు బాధేసింది అక్కడే. ఒకవేళ ఆటిజం కాదని తేలినా, ఆ చీకటి గది మీకు అవసరమన్నది నిజమే.

మాఘం పెళ్లికి ఏ రిపోర్టూ అక్కర్లేదు. ముహూర్తానికి అరగంట ముందు వెళ్లండి. బ్యాండుకు, స్పీకర్లకు దూరంగా కూర్చోండి. తలంబ్రాలయ్యాక బయల్దేరతానని మీ వారికి ఇప్పుడే చెప్పి, బండి తాళం మీ దగ్గరే ఉంచుకోండి.