కయాక్‌లో రెండు రాత్రులు: సర్దుడు, వంట – పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డిసెంబరులో నలుగురం కలిసి ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ సిటీ నుంచి టెన్ థౌజండ్ ఐలాండ్స్‌కి అద్దె కయాక్‌లలో (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) వెళ్తున్నాం. రెండు రాత్రులు దీవుల్లోనే బస. నా 65 లీటర్ల ట్రెకింగ్ బ్యాగును అలాగే వెనక హ్యాచ్‌లో (సామాను పెట్టే మూత ఉన్న అర) పెట్టేయొచ్చా?
– టాంపా పాఠకుడు

జవాబు: పట్టదు. సముద్రపు కయాక్ కడుపులో చోటుకు లోటు లేదు, ఇబ్బందంతా మూతి దగ్గరే. చాలా మోడళ్లలో ముందు హ్యాచ్ కంత గుండ్రంగా 24 సెంటీమీటర్లు ఉంటుంది. వెనకది కోడిగుడ్డు ఆకారంలో సుమారు 44కి 26. ట్రెకింగ్ బ్యాగు ఖాళీగా ఉన్నా అందులోంచి దూరడం కష్టం. దాన్ని ఇంట్లోనే వదిలేసి 5, 8, 10 లీటర్ల డ్రై బ్యాగులు (మూతి చుట్టి మూసే, నీరు దూరని సంచులు) ఓ పది పన్నెండు తీసుకోండి. 20 లీటర్లది ఒక్కటి చాలు, అదీ స్లీపింగ్ బ్యాగుకే.

అద్దెకిచ్చేవాళ్లను హ్యాచ్ కొలత అడిగి, అట్టముక్కలో అదే కంత కోయండి. ఇంట్లో ప్రతి వస్తువునూ దానిలోంచి దూర్చి చూడండి. వంటగిన్నె దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

బ్యాగును నిండా కుక్కితే గట్టి దిమ్మలా తయారై పడవ వంపులో ఒదగదు. మూడింట రెండు వంతులే నింపండి. మోకాలితో నొక్కి గాలి తీసేసి, మూతిని కనీసం మూడు చుట్లు చుట్టండి. ఒక్క చుట్టుతో సరిపెట్టినా, మూతి పట్టీలో ఇసుక రేణువులున్నా నీరు దూరుతుంది. హ్యాచ్ మూతను నమ్ముకోకండి, అన్నీ కాస్తో కూస్తో కారేవే. స్లీపింగ్ బ్యాగును ముందు చెత్త వేసే మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తర్వాత డ్రై బ్యాగులో పెట్టండి.

నీళ్లు, తిండి, స్టవ్ లాంటి బరువైనవి మీ సీటుకు దగ్గరగా, అడుగున, మధ్య గీత మీద ఉండాలి. తేలికవి కొసలకు. టెంట్ కమ్మీలను గుడ్డనుంచి వేరుచేసి పడవ అడుగున పొడవుగా దూర్చండి. ముందు బరువెక్కువైతే గాలికి వెనక భాగం జారి, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. వెనక ఎక్కువైతే ముక్కే గాలివాటుకు కొట్టుకుపోతుంది. రెండింటిలోనూ మీ భుజాలకే శిక్ష. అందుకే మోకాలి లోతు నీళ్లలో తేల్చి, సమంగా నిలిచిందో లేదో చూసుకున్నాకే బయల్దేరండి. కొసకు తోసే బ్యాగుకు ఓ సన్నతాడు కట్టి, రెండో కొస హ్యాచ్ మూతి దగ్గర వదలండి. లేకపోతే సాయంత్రం భుజం దాకా చెయ్యి దూర్చి తడుముకోవాలి.

డెక్ (పడవ పైభాగం) మీద నీళ్లు తోడే పంపు, మ్యాపు, అదనపు తెడ్డు తప్ప ఏమీ వద్దు. ఈల, వీహెచ్ఎఫ్ రేడియో (పడవల్లో సాయం పిలవడానికి వాడే చేతి రేడియో), చిన్న లైటు లైఫ్ జాకెట్ జేబుల్లోనే ఉండాలి. బోల్తా పడితే పడవ ఒకవైపు, మీరు ఒకవైపు పోవచ్చు.

ఇంకొకటి: నింపిన కయాక్‌ను కొసల పిడులు పట్టుకుని ఎత్తొద్దు, మధ్యలో ఒత్తిడికి పగుళ్లు వస్తాయి. ఖాళీ చేశాకే మోయండి. ఒడ్డు మీద చిన్న బ్యాగులన్నీ వేసుకోవడానికి పెద్ద కూరగాయల సంచి ఒకటి మడిచి పెట్టుకోండి.

ప్రశ్న: దారిలో మంచినీళ్లు దొరుకుతాయా? మనిషికి ఎన్ని లీటర్లు మోయాలి?
– ఆర్లాండో పాఠకురాలు

జవాబు: అక్కడ దొరకవు. చుట్టూ మడ అడవులు, ఉప్పునీళ్లు. ఫిల్టర్‌తో ఉప్పు పోదు, మరిగించినా పోదు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్కేసుకోండి. మూడు పగళ్లకు 12, ఎదురుగాలికి ఓ రోజు ఆగాల్సి వస్తే అదనంగా 4. మొత్తం 16 లీటర్లంటే 16 కిలోలు. పడవ మీద రాసే బరువు పరిమితిలో మీ ఒంటి బరువు కూడా కలిసే ఉంటుందని మరవకండి.

మెత్తటి నీళ్ల సంచులు ఆ దీవుల్లో పనికిరావు. రకూన్‌లు (పిల్లికన్నా కాస్త పెద్ద అడవి జంతువులు) వాటిని కొరికి తాగేస్తాయి. తిండీ నీళ్లూ గట్టి డబ్బాల్లోనే పెట్టమని పార్కు వాళ్లు చెప్పేది అందుకే. ఒకే పెద్ద క్యాన్ కన్నా 2 లీటర్ల సీసాలు మేలు. అవి హ్యాచ్‌లో పడతాయి, ఎడమా కుడీ సమంగా సర్దొచ్చు, ఒకటి చిట్లినా మిగతావి ఉంటాయి.

ప్రశ్న: ఎనర్జీ బార్లు తిని బతకలేం. అన్నం కావాలి. ఏం తీసుకెళ్లాలి?
– అట్లాంటా నుంచి ఒక జంట

జవాబు: అన్నం వండొచ్చు. కందిపప్పు మాత్రం వద్దు. మామూలు గిన్నెలో ముప్పావు గంటైనా సరిగా ఉడకదు, గ్యాసంతా దానికే పోతుంది. కుక్కరు తీసుకెళ్దామంటే దాని పిడి హ్యాచ్‌లో దూరదు.

మొదటి మధ్యాహ్నానికి ఇంటి పులిహోర. ఆ రాత్రికి ముందురోజే గడ్డకట్టించిన పప్పు, గట్టి డబ్బాలో. సాయంత్రానికి కరిగి సిద్ధంగా ఉంటుంది. రెండో రోజుకు మిగల్చొద్దు.

రెండో ఉదయానికి ఉప్మా పొడి. ఇద్దరికి బొంబాయి రవ్వ ఒక కప్పు. రెండు చెంచాల నెయ్యిలో ఆవాలు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి వేయించి, కరివేపాకు గలగలలాడాక రవ్వ వేసి కమ్మటి వాసన వచ్చేదాకా వేపండి. ముప్పావు చెంచా ఉప్పు, చిటికెడు శొంఠిపొడి. ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వద్దు, ఆ తడికి పాడవుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యండి, వేడిమీద మూత పెడితే ఆవిరి పట్టి బూజొస్తుంది. అక్కడ మూడు కప్పుల నీళ్లు మరిగాక ఈ పొడిని కలుపుతూ పోసి, మంట ఆర్పి, ఐదు నిమిషాలు మూత పెడితే చాలు.

మధ్యాహ్నం స్టవ్ తీయకండి. మందం అటుకులు, మనిషికి ఒకటింబావు కప్పు, నీళ్లు చిలకరించి పది నిమిషాలు ఉంచి, పులిహోర గుజ్జు కలుపుకోండి.

రాత్రికి పులగం. ఇద్దరికి సోనా మసూరి ఒక కప్పు, వేపిన పెసరపప్పు అరకప్పు, నీళ్లు ఐదు కప్పులు. అరగంట నానబెట్టి, పొంగు వచ్చాక సన్న మంట మీద పావుగంట ఉంచి దించండి. తువ్వాలు చుట్టి పది నిమిషాలు వదిలేస్తే మిగతాది దానంతటదే మగ్గుతుంది. మూడో ఉదయానికి మళ్లీ ఉప్మానే. ఇద్దరికి ఈ వంటకీ టీకీ కలిపి 230 గ్రాముల గ్యాస్ డబ్బా ఒకటి సరిపోతుంది, గాలికి అడ్డు పెడితేనే.

ఉప్పు వేసే పని తప్పుతుందని సముద్రపు నీళ్లతో వండకండి. లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది, నోట పెట్టలేరు. గిన్నెలు మాత్రం వాటితోనే తోమి, చివర్లో కాసిని మంచినీళ్లతో తొలవండి.

ఆవకాయ నూనె సీసా మరల్లోంచి పాకి వస్తుంది, ఆ వాసనకు రకూన్‌లూ వస్తాయి. తప్పదంటే ముక్కలు మాత్రం నూనె వార్చి తీసుకోండి. కందిపొడి అయితే ఏ పేచీ లేదు.

ప్రశ్న: అనుమతి పత్రంలో ఒక రాత్రికి 'చిక్కీ' అని రాసి ఉంది. అక్కడ టెంట్ వేయొచ్చా?
– టాంపా పాఠకుడు

జవాబు: పల్లీలది కాదు లెండి. నీళ్ల మీద నిలబెట్టిన చెక్క వేదిక, పైన కప్పు. సుమారు 10కి 12 అడుగులు. మేకులు దిగవు కాబట్టి కమ్మీల మీద తనంతట తాను నిలిచే టెంట్ కావాలి. దాని వల బాగా సన్నగా ఉండాలి. కంటికి ఆనని కుట్టుడు పురుగులు మామూలు దోమతెరలోంచి దూరిపోతాయి. పుల్లల మంట అక్కడ నిషేధం, స్టవ్ ఒక్కటే. కయాక్‌ను ముందూ వెనకా రెండు తాళ్లతో కట్టి, పోటుకూ పాటుకూ సరిపడా వదులివ్వండి.

ప్రశ్న: మా దగ్గర సిట్-ఆన్-టాప్ (లోపల కాక పైన కూర్చునే) కయాక్ ఉంది, హ్యాచ్‌లు లేవు. శ్రీశైలం వెనక జలాల్లో ఒక రాత్రి ఉండాలనుకుంటున్నాం.
– కర్నూలు పాఠకుడు

జవాబు: సామాను సంగతి తర్వాత. ఆ తీరం చాలా మేర నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. కృష్ణలో మొసళ్లూ ఉన్నాయి. అనుమతి దొరికిన చోటే దిగండి. జలాశయం మట్టం మారుతూ ఉంటుంది కాబట్టి టెంట్ నీటి అంచుకు ఎడంగా, ఎత్తున వేయండి. ఇవి మంచినీళ్లే అయినా వడగట్టి, ఒక నిమిషం పాటు తెర్లించాకే తాగాలి.

సామాను వెనక పళ్లెంలాంటి గుంటలో పెట్టాలి. అక్కడుండే రబ్బరు తాళ్లు బ్యాగును కదలకుండా పట్టుకుంటాయి గానీ బోల్తా పడితే ఆపలేవు. బకిల్ ఉన్న పట్టీని ప్రతి బ్యాగు పిడిలోంచి దూర్చి పడవ కొక్కేలకు బిగించండి. బరువైనవి కింద వేయండి, గుట్ట మీ నడుము ఎత్తు దాటకూడదు. అంతకు మించితే ఏదో ఒకటి ఇంట్లో వదిలేయాల్సిందే.